చూసిన ఆట, విన్న ఆట: ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్ళపై పాఠకుల ప్రశ్నలు

‘ఆడుతుండగా మీరు చూసిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో మేటి ఎవరు?’ అని ఒక పాఠకుడు కిందటి సంచికకు ప్రశ్న పంపితే, చోటు చాలక జవాబు వాయిదా వేశాను. ఈలోగా అదే విషయం మీద మరికొన్ని ఉత్తరాలు వచ్చాయి కనుక ఈసారి శీర్షిక మొత్తం ఫుట్‌బాల్‌కే కేటాయిస్తున్నాను. జవాబులకు ముందు నా నియమం ఒకటి చెప్పుకోవాలి. ఆట జరుగుతున్నప్పుడే, మైదానంలోనో టీవీలోనో, మొదటి నుంచి చివరి దాకా చూసిన ఆటగాళ్ళనే నేను చూసినవాళ్ళుగా లెక్కిస్తాను. గోల్స్‌ను మాత్రమే ఏరి కూర్చిన ముక్కలు చూసి ఆటగాణ్ణి తూచడం, పెళ్ళి ఆల్బమ్ చూసి కాపురం గురించి తీర్పు చెప్పడం లాంటిది.

ప్రశ్న: చుట్టూ తిప్పకుండా ఒక్క పేరు చెప్పండి. మీరు చూసినవాళ్ళలో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మారడోనా. అడిగినట్టే పేరు ముందు చెప్పాను, ఇక కారణం చెప్పనివ్వండి.

1986 జూన్ 22న మెక్సికో సిటీలోని అజ్టెకా స్టేడియంలో మధ్యాహ్నం పన్నెండు గంటలకు మొదలైన అర్జెంటీనా, ఇంగ్లాండ్ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ మనకు రాత్రి పదకొండున్నరకు దూరదర్శన్‌లో వచ్చింది. నాకప్పుడు 27 ఏళ్ళు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా వరుస మొత్తానికి ఒకటే టీవీ, అదీ నలుపు తెలుపుది. దాని ముందు ఇరవై మందికి తక్కువ కాకుండా కూర్చున్నాం. రెండో సగంలో, 55వ నిమిషంలో, మారడోనా తమ జట్టు సగంలోనే బంతి అందుకుని, ఇద్దరి మధ్య గిర్రున తిరిగి, కుడివైపు నుంచి ఇంగ్లాండ్ గోల్ మీదికి పరుగు తీశాడు. బుచర్, ఫెన్విక్, చివరికి గోల్‌కీపర్ షిల్టన్, ఎదురు వచ్చిన ప్రతివాడినీ దాటుకుంటూ పోయి, కింద పడబోతూ బంతిని గోల్‌లోకి నెట్టాడు. అంతా పది పన్నెండు సెకన్లలో ముగిసింది. ఆ పరుగు మీరందరూ ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఈసారి చూసినప్పుడు మారడోనాను వదిలి, అతనికి ఎడమవైపు సమానంగా పరుగెత్తుతూ వచ్చిన సహచరుడు వాల్డానోను గమనించండి. బంతి అతనికి అందిస్తాడేమోనన్న అనుమానం ఇంగ్లాండ్ డిఫెండర్లను చివరిదాకా వదలలేదు. మారడోనా పాస్ ఇవ్వలేదు సరే, ఇవ్వగలడన్న భయాన్ని మాత్రం పూర్తిగా వాడుకున్నాడు.

అయినా నా ఓటు ఆ గోల్‌కు కాదు, ఫైనల్లో గోల్ కొట్టని మారడోనాకు. జూన్ 29న పశ్చిమ జర్మనీ తన మేటి మిడ్‌ఫీల్డర్ మథెయుస్‌ను మారడోనా వెంట నీడలా ఉండమని నియమించింది. లక్షా పద్నాలుగు వేల మందికి పైగా ప్రేక్షకులు చూస్తుండగా అర్జెంటీనా 2–0 ఆధిక్యం సంపాదించింది. జర్మనీ చివరి పావుగంటలో కొద్ది నిమిషాల తేడాతో రెండు గోల్స్ కొట్టి స్కోరు సమం చేసింది. అలాంటి సమయంలో పేరున్న ఆటగాడు ఎవడైనా బంతిని తన దగ్గరే ఉంచుకుని మహత్కార్యం చేయాలని చూస్తాడు. మారడోనా మాత్రం మైదానం మధ్యలో, చుట్టూ జర్మన్లు మూగి ఉండగా, బంతిని ఆపకుండానే ఎడమకాలితో ముందున్న ఖాళీలోకి పంపాడు. సహచరుడు బురుచాగా ఆ ఖాళీలోకి అప్పటికే పరుగు మొదలుపెట్టి ఉన్నాడు. 3–2. తనకు కాపలా పెట్టడానికి అవతలివాళ్ళు ఖాళీ చేసిన చోటు ఏదో అతనికి ఆట అంతసేపూ తెలుసు. ఆ ప్రపంచ కప్‌లో 5 గోల్స్ తాను కొట్టి, మరో 5 ఇతరుల చేత కొట్టించాడు. ఆ రెండో ఐదు లేకపోతే నేను ఇంత గట్టిగా పేరు చెప్పేవాణ్ణి కాదు.

ప్రశ్న: చేత్తో గోల్ కొట్టి, తరవాత దాన్ని గొప్పగా చెప్పుకున్న మనిషిని మేటి అనడం న్యాయమేనా?
— ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: మీరు కోపగించుకోవడం న్యాయమే. అదే ఇంగ్లాండ్ మ్యాచ్ 51వ నిమిషంలో షిల్టన్‌తో పాటు పైకెగిరి ఎడమ పిడికిలితో బంతిని గోల్‌లోకి కొట్టడం నిబంధనకు విరుద్ధం, అందులో రెండో మాట లేదు. మా టీవీ ముందు కూర్చున్నవాళ్ళమంతా తలతోనే కొట్టాడనుకుని చప్పట్లు కొట్టాం. ట్యునీషియా రెఫరీ అలీ బిన్ నాసర్ కూడా గోల్ ఇచ్చేశాడు. పైగా 1994 ప్రపంచ కప్ నుంచి నిషిద్ధ ఉత్ప్రేరకాల పరీక్షలో దొరికి ఇంటిదారి పట్టినవాడు కూడా ఇతనే. ఇవన్నీ తెలిసే పేరు చెప్పాను. నన్ను అడిగింది కాళ్ళ గురించి. నడవడిక గురించి అడిగి ఉంటే వేరే పేరు చెప్పేవాణ్ణి, బహుశా అది ఫుట్‌బాల్ ఆటగాడి పేరై ఉండేది కాదు.

ప్రశ్న: 2025 డిసెంబరు 13న ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వచ్చినప్పుడు టికెట్ కొని వెళ్ళాను. నేను మెస్సీని చూసినట్టేనా? మా అన్నయ్య ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, హబ్సిగూడ

జవాబు: మెస్సీని చూశారు, మెస్సీ ఆటను చూడలేదు. మీ అన్నయ్యా మీరూ ఈ వాక్యంతో రాజీపడండి.

మెస్సీని ఆడుతుండగా మైదానంలో చూసే అదృష్టం నాకు ఒకే ఒక్కసారి కలిగింది. 2011 సెప్టెంబరు 2న కోల్‌కతాలోని సాల్ట్ లేక్ స్టేడియంలో అర్జెంటీనా, వెనెజులా స్నేహపూర్వక మ్యాచ్ ఆడాయి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా దాకా వెళ్ళి, చాలా ఎత్తున, గోల్ వెనక వైపు దొరికిన సీటులో కూర్చున్నాను. మొదటి పది నిమిషాలూ నాకు నిరాశే మిగిలింది. మిగతా ఇరవై ఒక్క మందీ పరుగెత్తుతుంటే ఈయన నడుస్తున్నాడు. పొలం గట్టు మీద నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసుకుంటున్న రైతులాగా అటో నాలుగడుగులు, ఇటో నాలుగడుగులు వేస్తూ, మెడ మాత్రం అదేపనిగా తిప్పుతున్నాడు. చాలాసేపటికి గాని నాకు విషయం బోధపడలేదు. అవతలి డిఫెండర్లు ఎవరెవరు ఎంతెంత ఎడంగా నిలబడుతున్నారో లెక్క కట్టుకుంటున్నాడు. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కనుక ఇంట్లో కూర్చుని ఎన్నో ఏళ్ళుగా చూసినా ఈ నడక నా కంట పడలేదు. ఆ రోజు అర్జెంటీనా 1–0తో గెలిచింది. మెస్సీ కొట్టిన కార్నర్‌ను ఓటమెండి తలతో గోల్ చేశాడు. స్కోరు నాకు గుర్తుంది గాని, కోల్‌కతా నుంచి నేను తెచ్చుకున్నది ఆ నడకనే.

అప్పటి నుంచి టీవీలో కూడా అతణ్ణి వేరుగా చూడటం అలవాటైంది. 2022 డిసెంబరు 13న క్రొయేషియాతో జరిగిన సెమీఫైనల్లో మూడో గోల్ గుర్తు చేసుకోండి. అప్పటికి మెస్సీకి 35 ఏళ్ళు, అతణ్ణి కాపు కాస్తున్న గ్వార్దియోల్‌కు 20. ఆ ప్రపంచ కప్ అంతటా ఎవరికీ లొంగని కుర్రవాడు. మెస్సీ కుడి అంచున అతణ్ణి వెంటబెట్టుకుని పరుగెత్తుతూ, ఆగుతూ, వెనుదిరుగుతూ, మళ్ళీ దూసుకుపోతూ గోల్ గీత దాకా వెళ్ళి, సహచరుడు అల్వారెజ్ ముందుకు బంతి నెట్టాడు. వేగంలో చూస్తే ఆ కుర్రవాడే ఎక్కువ. కాని ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది మెస్సీ కావడంతో ఆ వేగం అతనికి అక్కరకు రాలేదు.

ప్రశ్న: మెస్సీయా, రొనాల్డోనా? మా గదిలో ఈ గొడవతో వంట కూడా ఆగిపోతోంది.
— ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: ముందు వంట కానివ్వండి. బంతి గాలిలో ఉంటే క్రిస్టియానో రొనాల్డో, నేల మీద ఉంటే మెస్సీ. ఆటలో బంతి నేల మీద ఉండే సమయమే ఎక్కువ కనుక నా మొగ్గు మెస్సీ వైపే. అయితే 2018 ఏప్రిల్‌లో టూరిన్‌లో రొనాల్డో వెనక్కి ఎగిరి తలకిందులుగా కొట్టిన గోల్‌కు, ఓడిపోతున్న యువెంటస్ జట్టు అభిమానులే లేచి చప్పట్లు కొట్టారు. పగవాళ్ళ చేత చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి తక్కువ చేసి మాట్లాడకండి.

ప్రశ్న: పెలే పేరు మీరు ఇంతవరకు ఎత్తకపోవడం నాకు కష్టంగా ఉంది. ఆయన మన దేశంలో కూడా ఆడాడు కదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మాస్టారూ, నా నియమమే నన్ను కట్టిపడేసింది. 1958, 1962, 1970 ప్రపంచ కప్‌లు గెలిచిన ఏకైక ఆటగాణ్ణి తూచే తక్కెడ నా దగ్గర లేదు, ఎందుకంటే నేను ఆయన ఆట చూడలేదు. 1977 సెప్టెంబరు 24న న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలిసి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌పై ఆడిన మాట నిజం. వాన నీటితో తడిసిన మైదానం. మ్యాచ్ 2–2తో ముగిసింది. మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్ళలో ఒకరు మన హైదరాబాద్ వారైన మహమ్మద్ హబీబ్. సరిగ్గా వారం తిరిగేసరికి, అక్టోబరు 1న, పెలే అమెరికాలో తన వీడ్కోలు మ్యాచ్ ఆడి బూట్లు విప్పేశారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, కలకత్తాకు టికెట్టు డబ్బులు లేవు. నియమం కన్నా ముందు అసలు అడ్డంకి అదే.

ప్రశ్న: నేను మా కాలేజీ జట్టులో డిఫెండర్‌ని. గొప్ప ఆటగాళ్ళ జాబితా ఎవరు రాసినా గోల్స్ కొట్టేవాళ్ళే ఉంటారు. మాకు చోటు లేదా?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఉంది. నా జాబితాలో మారడోనా తరవాతి పేరు ఇటలీ డిఫెండర్ ఫ్రాంకో బరేసి.

1994 ప్రపంచ కప్‌లో జూన్ 23న నార్వేతో ఆడుతుండగా బరేసి మోకాలికి దెబ్బ తగిలింది. శస్త్రచికిత్స చేశారు. అతనికి 34 ఏళ్ళు; ఇక ఈ ప్రపంచ కప్‌కు అతని పని అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. జట్టు మాత్రం ఎలాగో నెట్టుకుంటూ ఫైనల్ చేరింది. జూలై 17న పాసడెనాలో బ్రెజిల్‌తో ఫైనల్‌కు ఇటలీ డిఫెండర్లు కోస్టకుర్టా, టసోటీ ఇద్దరూ నిషేధంలో ఉన్నారు. మోకాలికి దెబ్బ తగిలిన ఇరవై నాలుగో రోజున బరేసి మైదానంలోకి దిగాడు. అతని పక్కన, ఎప్పుడూ ఎడమ అంచున ఆడే మాల్దిని మధ్యలోకి జరిగి నిలబడ్డాడు. ఎదురుగా రొమారియో, బెబెటో. ఫైనల్‌కు ముందు ఆ ఇద్దరే కలిసి 8 గోల్స్ కొట్టి ఉన్నారు.

మనకు అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆ మ్యాచ్ చప్పగా ఉందని మా వీధిలో సగం మంది మధ్యలోనే లేచిపోయారు. అదనపు సమయంతో కలిపి 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడలేదు. ప్రపంచ కప్ ఫైనల్లో అలా జరగడం అదే మొదటిసారి. నాకు మాత్రం కన్ను పక్కకు తిప్పబుద్ధి కాలేదు. బరేసి ఎత్తరి కాదు, మరీ వేగమూ లేదు. రొమారియోకు బంతి అందబోయే క్షణానికి ఒక అడుగు ముందు, అది ఏ చోటికి రాబోతోందో ఆ చోట నిలబడి ఉండేవాడు. నేల మీద జారి బంతి లాక్కోవాల్సి వస్తే దాన్ని తన లెక్క తప్పిన గుర్తుగా భావించేవాడేమో అనిపించేంత శుభ్రమైన ఆట అది. అదనపు సమయంలో పిక్కలు పట్టేసి కూలబడ్డాడు, లేచి మళ్ళీ ఆడాడు. చివరికి పెనాల్టీలలో ఇటలీ తరఫున మొదటి కిక్ అతనే తీసుకుని గోల్ పైనుంచి కొట్టేశాడు. బాజియో చివరి కిక్ కూడా అలాగే పైనుంచి పోయింది. బ్రెజిల్ 3–2తో గెలిచింది. లోకానికి బాజియో వంచిన తల గుర్తుండిపోయింది. నాకు గుర్తుండేది అంతకుముందు రెండు గంటలపాటు రొమారియోకు దక్కని బంతులు.

మీకు ఒక అభ్యాసం చెబుతాను. ఈసారి ఏ మ్యాచ్ చూసినా పావుగంటసేపు బంతిని పట్టించుకోకుండా ఒక్క డిఫెండర్‌నే చూడండి. మొదటి అయిదు నిమిషాలు విసుగ్గా ఉంటుంది.

ప్రశ్న: జినదిన్ జిదాన్ అంటే నాకు ప్రాణం. కాని 2006 ప్రపంచ కప్ ఫైనల్లో అవతలి ఆటగాణ్ణి తలతో గుద్దిన సంఘటన చూపించి మా స్నేహితులు ఎగతాళి చేస్తారు. ఏమని బదులివ్వను?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అంతకు ఎనిమిది రోజుల ముందటి మ్యాచ్ చూడమనండి. 2006 జూలై 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్రెజిల్‌తో ఫ్రాన్స్ ఆడిన క్వార్టర్ ఫైనల్. అవతల రొనాల్డో (పైన చెప్పిన క్రిస్టియానో కాదు, బ్రెజిల్ రొనాల్డో), రొనాల్డీన్యో, కాకా. 34 ఏళ్ళ జిదాన్ ఆ ముగ్గురినీ తన ఇంటికి వచ్చిన చుట్టాల్లా కూర్చోబెట్టి ఆట చూపించాడు. రొనాల్డో తల మీదుగా బంతిని దాటించి అవతలివైపు అందుకున్నాడు. అతని ఫ్రీకిక్‌కే ఆన్రీ గోల్ కొట్టాడు, అదొక్కటే గోల్. ఫైనల్లో ఎర్ర కార్డు తగిన శిక్షే, దాన్ని సమర్థించే పని పెట్టుకోకండి.

ప్రశ్న: గోల్‌కీపర్లలో?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఇటలీ గోల్‌కీపర్ బఫోన్. 2006 ప్రపంచ కప్ మొత్తం మీద అతణ్ణి దాటినవి రెండే గోల్స్. ఒకటి సొంత జట్టువాడు పొరపాటున కొట్టినది, రెండోది పై జవాబులోని జిదాన్ కొట్టిన పెనాల్టీ. అదే ఫైనల్లో, అదనపు సమయంలో, జిదాన్ తలతో కొట్టిన బంతిని ఒక చేత్తో గోల్ పైకి తోసేశాడు. అది గోల్ అయి ఉంటే ఆ తరవాతి గొడవే జరిగి ఉండేది కాదేమో.

ప్రశ్న: ఆడవాళ్ళ ఫుట్‌బాల్ మీరు చూస్తారా? చూస్తే ఒక్క పేరైనా చెప్పలేదేం?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఆలస్యం నాదే. బ్రెజిల్ క్రీడాకారిణి మార్తా పేరు చెప్పడానికి నా నియమాన్ని ఒక్కసారి సడలించుకోవాలి, ఎందుకంటే ఆమె అత్యుత్తమ మ్యాచ్‌ను జరిగిన రోజున కాక చాలా తరవాత పూర్తిగా చూశాను. 2007 సెప్టెంబరు 27న చైనాలో జరిగిన ప్రపంచ కప్ సెమీఫైనల్లో బ్రెజిల్ అమెరికాను 4–0తో ఓడించింది. నాలుగో గోల్ సమయంలో మార్తా గోల్‌కు వీపు పెట్టి బంతి అందుకుని, మడమతో డిఫెండర్‌కు ఒకపక్కగా తప్పించి, తాను రెండోపక్క నుంచి తిరిగి వచ్చి, మరొకరిని కూడా దాటి కొట్టింది. 2019 నాటికి ప్రపంచ కప్‌లలో ఆమె గోల్స్ 17కు చేరాయి; ఆడామగా తేడా లేకుండా చూసినా ఆ సంఖ్యను అప్పటికి మరెవరూ చేరలేదు. ఆమె దేశంలో 1941 నుంచి 1979 దాకా ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం చట్టరీత్యా నిషేధం. ఆ నిషేధం పోయిన ఏడేళ్ళకు పుట్టిన పిల్ల ఈమె.

మీ నిజామాబాద్ నుంచే భారత జట్టుకు ఆడిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్‌కు వెళ్ళింది. ఆమె ఆట ఇంకా సాగుతోంది కనుక తూకం వేయను. మీరు దగ్గరగా చూసి ఉంటే రాయండి.

ప్రశ్న: విదేశీయుల గురించి చాలా చెప్పారు. ఒకప్పుడు భారత జట్టులో సగం మంది మన హైదరాబాద్ వాళ్ళే ఉండేవారు. ఆ తరంలో ఎవరినైనా చూశారా? చూడలేకపోయానని బాధపడే ఆటగాడు ఎవరైనా ఉన్నారా?
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: చూడలేదు, బాధ మాత్రం ఉంది. ఆయన పేరు తులసీదాస్ బలరామ్. మీకు పక్కనే ఉన్న అమ్ముగూడలో పుట్టారు.

ఆ తరాన్ని తీర్చిదిద్దింది బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయన శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. బంతిని కాలి దగ్గర అట్టేపెట్టుకోవడం ఆయనకు గిట్టేది కాదు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో పోటీలు పెట్టేవారు. అమ్ముగూడ నుంచి రోజూ శిక్షణకు రావడానికి డబ్బుల్లేవని బలరామ్ చెబితే, సైకిలు అద్దెకు రహీమ్ గారే డబ్బిచ్చారట. ఆ సంగతి బలరామ్ గారే తరవాతి కాలంలో చెప్పుకునేవారు. ఆ కుర్రవాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ కొట్టినవి మూడు గోల్స్, అందులో రెండు బలరామ్‌వి, ఒకటి హంగరీ మీద, ఒకటి పెరూ మీద. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. రహీమ్ గారు ఆ మరుసటి ఏడాదే కేన్సర్‌తో కన్నుమూశారు. ముప్పై నిండకముందే అనారోగ్యంతో బలరామ్ ఆట కూడా ముగిసింది. ఆయన బెంగాల్‌లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో మరణించారు.

నాకు తెలిసిన బలరామ్ అంతా మా మేనమామ చెప్పిన బలరామే. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన ఆయన, మ్యాచ్ ఉందంటే సైకిలు మీద ఫతే మైదాన్‌కు పోయేవారు. ఇప్పుడు దాన్నే మనం లాల్ బహదూర్ స్టేడియం అంటున్నాం. రాత్రి భోజనాల దగ్గర కూర్చోబెట్టి, ఉప్పు గిన్నె పీకే బెనర్జీ అని, మంచినీళ్ళ గ్లాసు చునీ గోస్వామి అని, ఆవకాయ జాడీ బలరామ్ అని చెప్పి వాటిని చాప మీద అటూ ఇటూ జరిపేవారు. బంతి అంటే ఒక మజ్జిగ మిరపకాయ. నేను ఆ మిరపకాయ వంకే చూస్తుంటే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ‘అదెక్కడికీ పోదురా, జాడీ ఎటు పోతోందో చూడు’ అనేవారు. జాడీ మెల్లగా, ఎవరికీ పట్టనట్టు, ఉప్పు గిన్నె వెనకనుంచి నా కంచం అంచు దాకా వచ్చి ఆగేది. అప్పుడు గాని మిరపకాయ కదిలేది కాదు. మా అత్తయ్య వచ్చి జాడీ తీసుకుని లోపలికి వెళ్ళేదాకా ఆట సాగేది.